మైకేల్ జాక్సన్ ఆల్బములు: ఏది ముందు వినాలి, ఏది తర్వాత

మైకేల్ జాక్సన్‌ని మొదటి నుంచి శ్రద్ధగా వినాలనుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, దాదాపు అందరూ ‘థ్రిల్లర్’ పేరే చెబుతారు. నేను మాత్రం ‘ఆఫ్ ద వాల్’ అంటాను. ఇన్నేళ్లుగా ఆ పాటలతో బతికినవాడిగా, ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్పాలని ఉంది.

ముందు లెక్క తేల్చుకుందాం. అతను బతికి ఉండగా తన ఒక్కడి పేరు మీద వచ్చిన స్టూడియో ఆల్బములు పది. మొదటి నాలుగూ 1972, 1975 మధ్య మోటౌన్ రికార్డు కంపెనీకి చేసినవి. అప్పటికి అతను అన్నలతో కలిసి జాక్సన్ ఫైవ్ బృందంలో పాడుతున్న పిల్లవాడు. తర్వాతి ఆరూ ఎపిక్ కంపెనీ నుంచి వచ్చాయి: ‘ఆఫ్ ద వాల్’ (1979), ‘థ్రిల్లర్’ (1982), ‘బ్యాడ్’ (1987), ‘డేంజరస్’ (1991), ‘హిస్టరీ’ (1995), ‘ఇన్విన్సిబుల్’ (2001). ఏది ఎంచుకోవాలనే చిక్కంతా ఈ ఆరింటి దగ్గరే.

వీటిని పక్కపక్కన పెట్టినప్పుడు నేను రెండు విషయాలు చూస్తాను. ఒకటి నిడివి. రెండోది, పాటల్లో ఎన్ని అతను స్వయంగా రాసుకున్నాడన్నది. ‘ఆఫ్ ద వాల్’, ‘థ్రిల్లర్’ రెండూ నలభై రెండు నిమిషాలకు అటూ ఇటూగా ముగుస్తాయి. ‘బ్యాడ్’ నలభై ఎనిమిది. ‘డేంజరస్’, ‘ఇన్విన్సిబుల్’ ఒక్కొక్కటీ 77 నిమిషాలు. ఇక రచన సంగతికొస్తే, ‘ఆఫ్ ద వాల్’లోని పది పాటల్లో అతను రాసినవి మూడు, అందులో ఒకటి మరొకరితో కలిసి. ‘థ్రిల్లర్’లో తొమ్మిదికి నాలుగు. ‘బ్యాడ్’లో పదకొండుకు తొమ్మిది. ఏళ్లు గడిచేకొద్దీ రచయితగా ఎదిగాడు, ఆల్బములు లావెక్కాయి. ఎదుగుదల అతనికి మేలు చేసింది. లావు చేయలేదు.

నిడివి గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఎల్‌పీ రికార్డులో ఒక వైపు మరీ ఎక్కువ సేపు పాటలు నింపితే గాడి ఇరుకై, శబ్దంలో పస తగ్గిపోతుంది. ‘థ్రిల్లర్’ పని అయిపోయిందనుకుని అందరూ కూర్చుని విన్న రోజు సరిగ్గా ఇదే జరిగింది. నెలల తరబడి పడిన శ్రమ పేలవంగా వినిపించింది. నిర్మాత, అంటే రికార్డింగు మొత్తాన్నీ దగ్గరుండి నడిపించే క్విన్సీ జోన్స్, పాటలను కత్తిరించమన్నారు. ‘ద లేడీ ఇన్ మై లైఫ్’లో ఒక చరణం పోయింది. తర్వాత ఒక్కొక్క పాటనూ మళ్లీ మొదటి నుంచి మిక్స్ చేశారు, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతులనూ వాద్యాలనూ పాళ్లు చూసి మళ్లీ కలిపారు. ఇవాళ మనం వింటున్నది ఆ కత్తిరింపు తర్వాత మిగిలిన రూపం. సీడీలు వచ్చాక ఆ ఇబ్బంది తీరిపోయింది, దానితో పాటే కత్తెర కూడా పక్కకు వెళ్లిపోయింది.

మొదటి ఎంపిక: ఆఫ్ ద వాల్, లేక థ్రిల్లర్?

అసలు పోలిక ఇదే. రెండింటికీ నిర్మాత క్విన్సీ జోన్స్. 1978లో వచ్చిన ‘ద విజ్’ సినిమా పనిలో ఇద్దరికీ పరిచయం కుదిరింది. రెండింటికీ సౌండ్ ఇంజనీరు బ్రూస్ స్వీడియన్. రెండింటికీ మూడేసి పాటలు రాసింది రాడ్ టెంపర్టన్ అనే ఇంగ్లండు సంగీతకారుడు. ఇంత దగ్గర చుట్టాలైనా రెండు ఆల్బముల స్వభావం వేరు.

‘ఆఫ్ ద వాల్’లో ఇరవై ఏళ్ల కుర్రవాడు మొదటిసారి తన ఇష్టం వచ్చినట్టు పాడుతున్నాడు. మొదటి పాట ‘డోంట్ స్టాప్ టిల్ యూ గెట్ ఎనఫ్’ తెరుచుకునే తీరు చూడండి. బేస్ గిటార్ ఒక్కటే అదే వరుసను తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటుంది. దాని మీద అతను పాడడు, మాట్లాడతాడు. సిగ్గుపడుతూ, మాట తడుముకుంటూ, ఎవరికో చెవిలో చెబుతున్నట్టు. ఆ మాటలు తెగిన చోట ఒక్క కేక, వెంటనే తీగ వాద్యాలు, బూరలు అన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ తర్వాత పాట అంతా దాదాపు తారస్థాయిలోనే నడుస్తుంది. సంగీతం మాస్టార్లు దొంగ గొంతు అని కోప్పడే ఆ పలుచని పైస్వరాన్నే అతను అసలు గొంతుగా చేసుకున్నాడు. ఆ గొంతులో ఉన్నది ఆనందం, మరేమీ కాదు. ఆ తర్వాతి ఆల్బములన్నింటిలో ప్రతిభ ఉంది, కసి ఉంది, బాధ ఉంది. ఇంత మచ్చలేని ఆనందం మాత్రం మళ్లీ వినపడలేదు.

అదే ఆల్బంలో ‘షీజ్ ఔట్ ఆఫ్ మై లైఫ్’ చివర అతని గొంతు పగులుతుంది. పాడిన ప్రతిసారీ ఏడ్చేవాడని, చివరికి ఆ ఏడుపును అలాగే ఉంచేశామని క్విన్సీ జోన్స్ చెప్పారు. ఆ వెంటనే గాయకుడు స్టీవీ వండర్ మరొకరితో కలిసి రాసిన ‘ఐ కాంట్ హెల్ప్ ఇట్’ ఉంటుంది. పేరున్న సంకలనాల్లో కనపడని పాట ఇది. ఒక్కసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి, ఆ స్వరాల నడక ఎటు తిరుగుతుందో ముందుగా పట్టుకోవడం కష్టం.

ఇక ‘థ్రిల్లర్’. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బం. అమెరికాలో అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 37 వారాలు మొదటి స్థానంలో ఉంది. తొమ్మిది పాటల్లో ఏడు అక్కడి మొదటి పది స్థానాల్లోకి చేరాయి. 1984లో ఒక్క రాత్రిలోనే అతను ఎనిమిది గ్రామీ అవార్డులు అందుకున్నాడు. వీటన్నింటికీ అది అర్హమైనదే. ‘ఆఫ్ ద వాల్’కు ఒక్క గ్రామీ మాత్రమే రావడం తనను ఎంతగా నొప్పించిందో జాక్సన్ తానే రాసుకున్నాడు. ఆ నొప్పి ‘థ్రిల్లర్’లో వినపడుతుంది. ప్రతి పాటా గెలవడానికే వచ్చింది. రాక్ అభిమాని కోసం ‘బీట్ ఇట్’, అందులో ఎడ్డీ వాన్ హేలెన్ గిటార్. పాత తరం కోసం బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీతో యుగళగీతం. దెయ్యాల కథలు ఇష్టపడేవారి కోసం భయానక సినిమాల నటుడు విన్సెంట్ ప్రైస్ గొంతు.

అన్నింటికీ మించి ‘బిల్లీ జీన్’. మొదట డ్రమ్స్ ఒక్కటే వినపడతాయి. తర్వాత బేస్ గిటార్ చేరుతుంది. ఆ తర్వాత మెత్తని నాలుగు సింథసైజర్ స్వరాలు. గొంతు రావడానికి దాదాపు అరనిమిషం పడుతుంది. అంత పొడవైన ఉపోద్ఘాతం అక్కరలేదని క్విన్సీ జోన్స్ అన్నారు. అది వింటేనే తనకు నాట్యం చేయాలనిపిస్తుందని జాక్సన్ బతిమాలుకున్నాడు. ఈ పాట కోసం స్వీడియన్ డ్రమ్స్‌కి ప్రత్యేకంగా తొడుగు చేయించారు. కొన్ని గొంతు ముక్కలను పొడవాటి అట్ట గొట్టం గుండా పాడించి రికార్డు చేశారు. మిక్స్ మీద మిక్స్ చేస్తూ 91 దాకా వెళ్లి, చివరికి రెండోదాన్నే ఖాయం చేశారు. సాంకేతికంగా ఆల్బం ఎలా కట్టాలో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

మరి నేను ‘ఆఫ్ ద వాల్’ను ఎందుకు ముందుంచుతున్నాను? ‘థ్రిల్లర్’ పాటలను మీరు వినాలని కూర్చోకముందే వినేసి ఉంటారు. పెళ్లిళ్లలో, టీవీలో, నాట్య పోటీల్లో, ఎవరో అనుకరిస్తుండగా అవి చెవిన పడ్డాయి. ‘బిల్లీ జీన్’ వింటే 1983 టీవీ కార్యక్రమంలో అతను వేసిన మూన్‌వాక్, ‘థ్రిల్లర్’ వింటే జాన్ లాండిస్ తీసిన పద్నాలుగు నిమిషాల వీడియో కళ్ల ముందుకు వస్తాయి. బొమ్మలు అడ్డం వచ్చి గొంతు వెనక్కి పోతుంది. ‘ఆఫ్ ద వాల్’ చుట్టూ అంత హడావుడి లేదు. అక్కడ మీరు, ఆ గొంతు, మధ్యలో ఎవరూ ఉండరు. దాన్ని విన్న వారం తర్వాత ‘థ్రిల్లర్’ పెట్టండి. అదే మనిషి ఏం నేర్చుకున్నాడో, ఏం వదులుకున్నాడో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ముఖ్యంగా ‘హ్యూమన్ నేచర్’ దగ్గర కాసేపు ఆగండి. వేరే పాటలు వినిపించడానికి పంపిన క్యాసెట్ చివర పొరపాటున మిగిలిపోయిన బాణీ అది. క్యాసెట్ ఆపకుండా వదిలేయడం వల్ల క్విన్సీ జోన్స్ చెవిన పడింది.

ఒక్క మినహాయింపు చెబుతాను. నాట్యం నేర్చుకుంటున్నవారు, లేదా ఇంట్లో చిన్నపిల్లలకు వినిపించాలనుకునేవారు ‘థ్రిల్లర్’తోనే మొదలుపెట్టవచ్చు. పిల్లలకు కథ కావాలి, దెయ్యం నవ్వు కావాలి. అవి అందులో ఉన్నాయి.

రెండో మెట్టు: బ్యాడ్, లేక డేంజరస్?

నా దగ్గర మొదట ఉన్నది ‘బ్యాడ్’ క్యాసెట్. అందులో పది పాటలే ఉండేవి. ‘లీవ్ మీ అలోన్’ అనే పదకొండో పాట సీడీలో మాత్రమే ఇచ్చారని చాలా ఏళ్లకు తెలిసింది. ఆ రోజు ఆ పాటను నాలుగైదుసార్లు తిప్పి తిప్పి విన్నాను. చుట్టుముట్టిన పుకార్ల మీద విసుగును అంత హుషారైన తాళంలో పెట్టడం అతనికే చెల్లింది.

‘బ్యాడ్’ నుంచి ఐదు పాటలు అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లాయి. అప్పటికి ఒకే ఆల్బం నుంచి అలా జరగడం అదే మొదలు. క్విన్సీ జోన్స్‌తో అతను చేసిన చివరి ఆల్బం కూడా ఇదే. ఇందులో శబ్దం కాస్త బిగుసుకుంది. యంత్రాల పాలు పెరిగింది, అక్కడక్కడా ఆ కాలపు సింథసైజర్లు పాతబడినట్టు వినిపిస్తాయి. స్టీవీ వండర్‌తో కలిసి పాడిన ‘జస్ట్ గుడ్ ఫ్రెండ్స్’ ఇద్దరి స్థాయికీ తగినది కాదు. అయినా ‘ద వే యూ మేక్ మీ ఫీల్’లో ఆ ఊగే నడక, ‘స్మూత్ క్రిమినల్’లో గుండె చప్పుడుతో మొదలై ఊపిరాడనివ్వని వేగం ఎప్పటికీ పాతబడవు.

ఈ ఆల్బంలో దగ్గర నుంచి చూడవలసింది ‘మ్యాన్ ఇన్ ద మిర్రర్’. చిత్రమేమిటంటే అతను రాయని రెండు పాటల్లో ఇదొకటి. సీడా గారెట్, గ్లెన్ బల్లార్డ్ రాశారు. చిటికెలతో, గంటల్లాంటి స్వరాలతో నెమ్మదిగా మొదలవుతుంది. సగం దాటాక ‘మార్పు’ అనే అర్థం వచ్చే మాట పాడుతున్న క్షణంలోనే పాట శ్రుతి ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. మాట చెప్పిన పనిని సంగీతం చేసి చూపిస్తుంది. వెంటనే ఆంద్రే క్రౌచ్ బృందగానం తోడవుతుంది, అక్కడి నుంచి అతను పాడటం మానేసి కేకలతో, మూలుగులతో ప్రార్థన చేస్తున్నట్టే ఉంటుంది. నాకు ఇప్పటికీ ఆ చోట ఒళ్లు జలదరిస్తుంది.

‘డేంజరస్’ వేరే లోకం. క్విన్సీ జోన్స్ స్థానంలో టెడ్డీ రైలీ అనే యువ నిర్మాత వచ్చారు. అద్దం పగిలిన చప్పుడుతో మొదలవుతుంది. ‘షీ డ్రైవ్స్ మీ వైల్డ్’లో కార్ల హారన్లు, ఇంజన్ల మోతే తాళ వాద్యాలు. హిప్‌హాప్ లయ మీద పాడే కొత్త పద్ధతిని ప్రపంచం మొత్తానికీ పరిచయం చేసిన ఆల్బముల్లో ఇదొకటి. దీన్ని ఒకే బైఠకులో వినవద్దని నా సలహా. మొదటి ఆరు పాటలూ రైలీతో చేసినవి, వాటిని ఒక ఆల్బంగా వినండి. ఏడోది ‘హీల్ ద వరల్డ్’ నుంచి చివరి దాకా మరో రోజు వినండి. ఇలా విడదీస్తే 77 నిమిషాల బరువు ఉండదు. రెండో సగంలో ‘హూ ఈజ్ ఇట్’ అనే పాట నాకు ప్రాణం. 1993లో ఓప్రా విన్‌ఫ్రీ ఇంటర్వ్యూలో ఎలాంటి వాద్యమూ లేకుండా, నోటితోనే డ్రమ్స్, బేస్ వాయిస్తూ ఆ పాట పాడి వినిపించాడు. అతను పాట ఎలా కట్టేవాడో అర్థం కావాలంటే ఆ కొద్దిసేపు చాలు. స్వరలిపి రాయడం రాని మనిషి, వాద్యబృందం మొత్తాన్నీ నోట్లోనే మోసుకుని తిరిగేవాడు.

రెండింట్లో ఒకటే అంటే, పాటలుగా బాగుండేది ‘బ్యాడ్’, శబ్దంగా కొత్తగా ఉండేది ‘డేంజరస్’. మాటలు, బాణీ ముందు పట్టించుకునేవారు మొదటిది తీసుకోండి. లయ కోసం, కారులో పెద్ద స్పీకర్ల కోసం అయితే రెండోది. నేను ఇప్పుడు ఎక్కువగా వినేది ‘డేంజరస్’నే.

ఆ తర్వాత వచ్చినవి

‘హిస్టరీ’ రెండు డిస్కుల ఆల్బం. మొదటి దానిలో పదిహేను పాత విజయాలు, రెండో దానిలో పదిహేను పాటలు. రెండో డిస్కు అతని జీవితం తెలియకుండా వింటే కటువుగా అనిపిస్తుంది. 1993లో ఒక బాలుణ్ణి లైంగికంగా వేధించాడన్న ఆరోపణ వచ్చింది. 1994లో ఆ సివిల్ దావా డబ్బు చెల్లింపుతో ముగిసింది. తర్వాత మరో కేసులో 2005లో కాలిఫోర్నియా కోర్టు జ్యూరీ అతన్ని అన్ని అభియోగాల నుంచీ నిర్దోషిగా తేల్చింది. 2019లో ఒక డాక్యుమెంటరీలో మరో ఇద్దరు ఆరోపణలు చేశారు. ఇవన్నీ తెలిశాక అతని పాటలు వినలేమని పక్కన పెట్టినవారు నాకు తెలుసు. వారి నిర్ణయాన్ని గౌరవిస్తాను. వినదలచుకున్నవారు మాత్రం ఈ డిస్కులోని కోపం ఆ రోజుల్లో పుట్టిందని తెలిసి వినాలి.

ఇందులో ‘స్ట్రేంజర్ ఇన్ మాస్కో’ ఒక్క పాట కోసమైనా ఈ ఆల్బం దగ్గరికి రండి. 1993లో పర్యటన మధ్యలో, ఆరోపణలు కమ్ముకున్న వేళ మాస్కోలో ఉండగా రాసింది. వాన చప్పుడు, నోటితో చేసిన పొడి తాళం, అలసిన గొంతు. అరవడు, వాదించడు. ఒంటరితనం ఎలా ఉంటుందో చెప్పి ఊరుకుంటాడు. అదే డిస్కులో ఉన్న ‘ఎర్త్ సాంగ్’ అమెరికాలో సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదలే కాలేదు గానీ బ్రిటన్‌లో 1995 క్రిస్మస్ సమయంలో మొదటి స్థానంలో ఉంది. నాకు దాని చివరి రెండు నిమిషాలు, బృందానికీ అతనికీ మధ్య సాగే ఆ కేకల సంవాదం ఇష్టం.

‘ఇన్విన్సిబుల్’ మొత్తం వినమని చెప్పలేను. పదహారు పాటలున్నాయి, పదికి తగ్గించి ఉంటే మంచి ఆల్బం అయ్యేది. ‘బటర్‌ఫ్లైస్’, ‘వాటెవర్ హ్యాపెన్స్’, వాద్యాలు లేకుండా ఒంటి గొంతుతో మొదలై ఒంటి గొంతుతోనే ముగిసే ‘స్పీచ్‌లెస్’ తీసుకోండి. నలభైల్లో పడిన మనిషి గొంతు ఎంత బాగుందో తెలియడానికి ఆ మూడూ సరిపోతాయి.

మోటౌన్ ఆల్బములు నాలుగింట్లో ‘బెన్’ (1972) ఒక్కటి చాలు. ఎలుకతో ఒక పిల్లవాడి స్నేహం గురించిన సినిమా కోసం పాడిన పేరు పాట, అమెరికాలో అతనికి సోలోగా మొదటిసారి ప్రథమ స్థానం తెచ్చింది. ఎలుక సంగతి తెలియనివాళ్లకు అది ఎవరో ప్రాణమిత్రుడి మీద పాటలాగే వినిపిస్తుంది, అంత నిజాయితీగా పాడాడు.

సంకలనం సరిపోదా?

సమయం లేనివారికి 2005లో వచ్చిన ‘ది ఎసెన్షియల్ మైకేల్ జాక్సన్’ మంచిదే. జాక్సన్ ఫైవ్ రోజుల నుంచి వరుసగా ఉంటుంది కనుక గొంతు ఎదిగిన క్రమం తెలుస్తుంది. ‘హిస్టరీ’ మొదటి డిస్కు కన్నా నేను దీన్నే సూచిస్తాను. కానీ సంకలనంలో ‘ఐ కాంట్ హెల్ప్ ఇట్’ లాంటివి దొరకవు, ఒక పాట ముగిసి మరొకటి అందుకునే ఆ వరుస సుఖమూ దొరకదు.

వార్షికోత్సవ ముద్రణల్లో కొత్త గాయకులను చేర్చి మళ్లీ చేసిన రీమిక్సుల జోలికి వెళ్లనక్కరలేదు. వాటిలో దాచుకోవలసినవి పాత డెమోలే, అంటే అసలు రికార్డింగుకు ముందు చేసుకున్న నమూనాలే. 2001 నాటి ‘ఆఫ్ ద వాల్’ ముద్రణలో 1978 నాటి ఇంటి రికార్డింగులు ఉన్నాయి. ‘డోంట్ స్టాప్ టిల్ యూ గెట్ ఎనఫ్’ అనే ఆ పెద్ద పాట ఎంత చిన్న సరంజామాతో మొదలైందో వినవచ్చు.

2009 జూన్ 25న అతను చనిపోయాక వచ్చిన వాటిలో 2010 నాటి ‘మైకేల్’ను వదిలేయండి. అందులో మూడు పాటల్లో వినపడేది అసలు అతని గొంతేనా అన్న వివాదం ఏళ్ల తరబడి నడిచింది. 2022లో ఆ మూడింటినీ స్ట్రీమింగ్ నుంచి తొలగించారు. 2014 నాటి ‘ఎక్స్‌కేప్’ తీసుకునేటట్టయితే డీలక్స్ ముద్రణ తీసుకోండి. కొత్త నిర్మాతలు తీర్చిదిద్దిన ఎనిమిది పాటల వెనుక, అవే పాటల అసలు రూపాలను కూడా అందులో ఇచ్చారు. ‘లవ్ నెవర్ ఫెల్ట్ సో గుడ్’ అసలు రూపం 1983 నాటిది, పాల్ ఆంకాతో కలిసి రాసినది. పియానో, చిటికెలు, ‘థ్రిల్లర్’ తర్వాతి ఏడాది ఆ గొంతు. అందులో అంతకుమించి ఏమీ లేదు, నేను కొత్త రూపాన్ని వినడం మానేశాను.